వాచీ 172 అంటోంది, నాకేమో ఆయాసమే లేదు!

ప్రశ్న: నా వయసు 55. ఈమధ్యే పొద్దున్నే మెల్లగా జాగింగ్ మొదలుపెట్టాను. పిల్లలు కొనిచ్చిన జీపీఎస్ వాచీలో ఐదు నిమిషాలకే గుండె వేగం 172కి వెళ్లి అక్కడే ఉండిపోతోంది. ఆయాసం లేదు, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూనే ఉంటాను. నా వయసుకి 165 దాటకూడదట కదా? మా ఆవిడ జాగింగే మానేయమంటోంది.

జవాబు: మానేసే ముందు వాచీలో 'కేడెన్స్' ఎంతుందో చూడండి, అంటే నిమిషానికి ఎన్ని అడుగులు వేస్తున్నారో. అదీ 170 దగ్గరే ఉంటే మీ వాచీ గుండెని వదిలేసి కాళ్లని లెక్కపెడుతోందన్నమాట. వాచీ వెనక పచ్చ లైటు ఉంటుంది చూడండి, అది చర్మం కింద రక్తం పెరిగి తగ్గే తీరుని బట్టి గుండె వేగం లెక్కగడుతుంది, కానీ పరిగెత్తేటప్పుడు చెయ్యి ఊగే లయ కూడా అందులో కలిసిపోతుంది, పట్టీ వదులుగా ఉన్నా చలికి చేతులు చల్లబడినా ఆ లయదే పైచేయి అవుతుంది. గబుక్కున పైకెళ్లి కదలకుండా ఉండటం, ఆయాసం లేకపోవడం చూస్తే నా అనుమానం కూడా అదే.

పట్టీని మణికట్టు ఎముకకి రెండు వేళ్లు పైకి జరిపి, జారకుండా బిగించండి. మళ్లీ 172 వస్తే ఆగీ ఆగగానే మెడ దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి, ఆలస్యం చేస్తే వేగం పడిపోతుంది. ఛాతీకి కట్టుకునే బెల్టు అయితే గుండెలోని విద్యుత్ సంకేతాన్నే పట్టుకుంటుంది కాబట్టి ఈ గొడవ చాలావరకు ఉండదు.

ఇక ఆ 165 సంగతి. 220 లోంచి వయసు తీసేస్తే వచ్చేది సగటు అంచనా మాత్రమే, అసలు సంఖ్య దానికి పది పన్నెండు అటూ ఇటూ ఉండటం మామూలే. 2001లో వచ్చిన తనాకా సూత్రం (208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయడం) ప్రకారం మీకు దాదాపు 170 వస్తుంది. ఎలా చూసినా అది గుండె అందుకోగల గరిష్ఠ వేగానికి అంచనా, దాటితే ప్రమాదం అని గీసిన గీత కాదు. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకోండి. అది 60 అనుకుంటే 170కీ దానికీ తేడా 110, అందులో 60 నుంచి 70 శాతం తీసి 60కి కలిపితే 126 నుంచి 137. తేలికపాటి పరుగుకి అది చాలు. బీపీకి బీటా బ్లాకర్ మాత్రలు వాడేవాళ్లకి మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు, ఆ మందు గుండె వేగాన్నే తగ్గిస్తుంది.

కూర్చున్నప్పుడు కూడా అంత వేగం కనిపించినా, నాడి చూసినా అంతే వచ్చినా, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉన్నా వాచీతో వాదించకుండా డాక్టర్ దగ్గరకి వెళ్లండి.

ప్రశ్న: 400 మీటర్ల ట్రాక్ మీద పది రౌండ్లు కొడితే వాచీ 4.15 కిలోమీటర్లు చూపిస్తోంది. జీపీఎస్ పాడైందా?

జవాబు: మీరు ఏ లేన్‌లో పరిగెత్తారో రాయలేదు! 400 మీటర్లు ఉండేది లోపలి లేన్‌లోనే. బయటికి జరిగేకొద్దీ ఒక్కో లేన్‌కి ఏడు మీటర్లకి పైగా పెరుగుతూ పోతుంది, మూడో లేన్ దాదాపు 415 మీటర్లు. మీరు అందులో ఉంటే వాచీకి దండం పెట్టాలి. లోపలి లేనే అయితే తప్పు జీపీఎస్‌దే, వంపుల్లో అది కొంచెం తడబడుతుంది, ఎత్తైన భవనాల మధ్య అయితే సంకేతం గోడలకి తగిలి తిరిగొచ్చి ఇంకా ఇబ్బంది. బయల్దేరే ముందు శాటిలైట్ దొరికేదాకా ఆగండి, పరుగులో క్షణక్షణం మారే వేగం చూసి టెన్షన్ పడకుండా కిలోమీటర్‌కి సగటు చూసుకోండి.

ప్రశ్న: వాచీ 600 కేలరీలు ఖర్చయ్యాయంటే అంత తినొచ్చా?

జవాబు: వద్దండీ. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు మణికట్టుకి పెట్టుకునే ఏడు పరికరాల్ని పరీక్షిస్తే, గుండె వేగం ఆరింటిలో బాగానే వచ్చింది, కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. ఈ వారం పోయిన వారం కన్నా ఎక్కువ కష్టపడ్డానా లేదా అని పోల్చుకోవడానికైతే వాడుకోండి, కంచంలో వడ్డించుకోవడానికి కాదు.