చిన్నికి, బేస్‌మెంట్ అప్పు గురించి

చిన్నీ,

నిన్న రాత్రి తెనాలి నుంచి మీ నాన్న ఫోన్. "అమ్మాయి ఇంటి మీద అప్పు తీస్తోందట అన్నయ్యా, కాస్త చూడు" అన్నాడు. ఇల్లు, అప్పు అన్న మాటలు ఒకచోట వింటే మా ఇద్దరికీ గుర్తొచ్చేది ఒక్కటే: మా నాన్న తాకట్టు పెట్టి విడిపించుకోలేకపోయిన ఎకరంన్నర. తర్వాత మెల్లగా అసలు సంగతి చెప్పాడు. ఆ డబ్బు బేస్‌మెంట్‌లో మీ అమ్మకీ వాడికీ గది, బాత్రూం కట్టించడానికట కదా. కాసేపు నాకు మాట రాలేదు. 2023లో నువ్వు జార్జియాలో, కమ్మింగ్‌లో ఆ ఇల్లు కొంటుంటే, దాదాపు 7 శాతం వడ్డీకి ఇప్పుడెందుకే అని కోప్పడింది నేనే.

సరే, పనిలోకి వద్దాం. హీలాక్ కోసం, అంటే ఇంటి హామీ మీద ఒక లిమిట్ వరకు కావలసినప్పుడు తీసుకునే అప్పు కోసం, మూడు చోట్ల అడుగు. అందులో ఒకటి క్రెడిట్ యూనియన్, అంటే సభ్యులదే అయిన సహకార బ్యాంకు లాంటిది, అయితే మంచిది. ఫీజుల వివరాలు దరఖాస్తు దశలోనే కాగితం మీద ఇవ్వాలని ఫెడరల్ రూలు ఉంది, కాబట్టి ఫోన్లో చెప్పిన అంకెలు పట్టించుకోకు. ఇంటికొచ్చి విలువ కట్టే అప్రైజల్ బదులు కంప్యూటర్ లెక్కతో సరిపెడతారేమో కనుక్కో, కొన్ని వందలు మిగులుతాయి. ఏటా కట్టే ఫీజు ఉందా, మొదటి రోజే ఇంత డబ్బు తీయాలన్న షరతు ఉందా అనేవి కూడా.

ఇక నా బుద్ధితక్కువ పని విను. 2019లో మా ఇంటి పైకప్పు మార్చాలి, 40 వేల డాలర్లు చాలు. బ్యాంకులో కుర్రాడు ఎంత మర్యాదగా మాట్లాడాడంటే, "అంకుల్, క్లోజింగ్ కాస్ట్స్, అంటే అప్పు కాగితాల ఖర్చులన్నీ మేమే పెట్టుకుంటాం, మీకు సున్నా. ఎలాగూ ఫ్రీయే కదా, లిమిట్ లక్షా యాభై వేలు పెట్టించుకోండి" అన్నాడు. ఫ్రీ అంటే మనకి తెలుసుగా, పెళ్లిభోజనంలో రెండో విడత స్వీటు లాంటిది. పెట్టించుకున్నాను. జార్జియాలో గడువు మూడేళ్లకు మించిన ఇంటి అప్పుల మీద ఇంటాంజిబుల్ టాక్స్ ఉంటుంది, వెయ్యికి 3 డాలర్లు. అది నేను వాడుకున్న 40 వేల మీద కాదు, మొత్తం లిమిట్ మీద వేశారు. 450 డాలర్లు. బ్యాంకే కట్టింది, నాకేం పోయింది అనుకున్నాను.

2020లో వడ్డీలు పడిపోయాయి. మెయిన్ మార్ట్‌గేజ్ (ఇల్లు కొన్న అసలు అప్పు) రీఫైనాన్స్‌కి, అంటే తక్కువ వడ్డీ అప్పుతో మార్చుకోవడానికి వెళ్తే, హీలాక్ మూసేయమన్నారు. సంతోషంగా మూసేశాను. రెండు వారాలకి కవరు వచ్చింది. టాక్స్, అప్రైజల్, టైటిల్ (ఇంటి హక్కు కాగితాలు) చూసే పని, లాయరు, అన్నీ కలిపి 1,300 చిల్లర కట్టమని. అగ్గిమీద గుగ్గిలమై బ్రాంచికి వెళ్లాను. మేనేజర్ గొంతు పెంచకుండా నా హీలాక్ ఒప్పందంలో పదకొండో పేజీ తీసింది. 36 నెలల లోపు మూస్తే బ్యాంకు పెట్టుకున్న ఖర్చంతా తిరిగి కట్టాలని ఉంది. కింద నా సంతకం. నలభై ఏళ్లు లెక్కలు చెప్పిన మాస్టారి సంతకం!

ఇంకో దారి ఉండేదని ఆవిడే చెప్పింది. సబార్డినేషన్ అడిగి ఉంటే, హీలాక్‌ని కొత్త మార్ట్‌గేజ్ వెనక వరసలో ఉంచుకోవడానికి వాళ్లు ఒప్పుకునేవాళ్లట, చిన్న ఫీజుతో. నేను అడగనే లేదు. బయటికొచ్చి పార్కింగ్‌లో చాలాసేపు కార్లోనే కూర్చున్నాను. నిజం చెప్పాలంటే డబ్బు కంటే మా నాన్నే గుర్తొచ్చాడు. ఆయన చదవకుండా వేలిముద్ర వేశాడని చిన్నప్పుడు ఎన్నిసార్లు తప్పుపట్టానో.

నీ సంగతి చూడు. నీ వడ్డీ ఎక్కువ, తగ్గితే మూడేళ్లలో నువ్వూ రీఫైనాన్స్‌కి వెళ్తావు. కాబట్టి "సున్నా ఫీజు" అన్నవాణ్ణి మొదట అడగాల్సింది, ఎన్ని నెలల్లోపు మూస్తే ఎంత వెనక్కి తీసుకుంటారని. రెండోది, సబార్డినేషన్ ఇస్తారా, దానికెంత అని. జవాబు నచ్చకపోతే, ముందే ఐదారు వందలు కట్టించుకుని, తర్వాత మూసినా ఏమీ అడగనివాడే మేలు. బేస్‌మెంట్‌కి 60 వేలు అయితే లిమిట్ కాస్త అటూ ఇటూగా అంతే పెట్టించు. దాని మీద టాక్స్ 180 డాలర్లతో పోతుంది.

సంతకం పెట్టాక కూడా మూడు పనిదినాల్లోపు వద్దనుకోవచ్చు, శనివారం కూడా లెక్కలోకే వస్తుంది. అలా రద్దు చేసుకుంటే కట్టిన ఫీజులు వాపసు ఇవ్వాల్సిందే. అయినా అంతదాకా తేకు. కాగితాలు ముందు నాకు పంపు, పదకొండో పేజీ నేను చదువుతాను.

ఇంకోటి. మీ నాన్న మోకాళ్ల సంగతి నీకు తెలుసు, వాడు చెప్పడు. బేస్‌మెంట్ మెట్లకి రెండు వైపులా కమ్మీ, బాత్రూంలో పట్టుకునే కడ్డీ కూడా లెక్కలో వేసుకో. నాకెందుకవి అంటాడు. పెట్టించు.

మీ పెదనాన్న