తొర్ర జోలికి పోకు

చి. బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

పశ్చిమ ఆస్ట్రేలియా గోధుమ పొలాల ప్రాంతం వీట్‌బెల్ట్‌లో కార్నబీ నల్ల కాకటూల (చిలక జాతి పక్షుల) గూళ్లు లెక్కపెట్టే వాళ్లతో వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. దానికి టెన్షన్. నాకు గర్వమే, కాకపోతే నిద్ర పట్టలేదు.

నీళ్లు, టోపీ, బైనాక్యులర్స్ ఎలాగూ పెట్టుకుంటావు. పొద్దు వాలాక మాత్రం కారు తియ్యకు. కంగారూలు ఎటునుంచి దూకుతాయో తెలీదు. ఎవరు నవ్వినా సరే, చీకటి పడేలోపు ఊళ్లో ఉండు.

పక్షిని గుర్తుపట్టడం తేలికే. ఒళ్లంతా నలుపు, చెంప మీద తెల్ల మచ్చ, తోక విప్పితే తెల్ల పట్టీలు. ముక్కు నల్లగా, కంటి చుట్టూ గులాబీ రంగు ఉంటే మగది. ముక్కు పాలిపోయి, కంటి చుట్టూ బూడిద రంగు ఉంటే ఆడది. బాడిన్ కాకటూ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, దాని పైముక్కు పొడుగు. ముక్కు సరిగ్గా చూడందే పేరు రాయకు.

నా భయమంతా తొర్రల గురించే. ఇవి గూడు అల్లవు. సాల్మన్ గమ్, వాండూ చెట్లు (మన జామాయిల్‌కి చుట్టాలే) ముసలివై డొల్లబడితే, ఆ అడుగున చెక్కపొట్టు మీద గుడ్లు పెడతాయి. అంత తొర్ర పడాలంటే చెట్టుకి నూరేళ్లు దాటాలి. గోధుమ పొలాల కోసం అలాంటివి ఎన్ని కొట్టేశారో! మామూలుగా రెండు గుడ్లు, ఎగిరేది చాలాసార్లు ఒక్క పిల్లే. 28, 29 రోజులు పొదిగేది తల్లి ఒక్కతే. మేత తెచ్చిపెట్టేది తండ్రి.

నేనూ గూళ్లు లెక్కపెట్టిన రోజుల్లో మా బ్యాచ్‌లో ఒకాయన ఉండేవాడు. కర్రతో మాను గీకితే తల్లి తల బయటపెడుతుంది. తెలిసినవాళ్లు ఒక్కసారి గీకి, రాసుకుని, కదిలిపోతారు. ఈయన ఫోటో సరిగ్గా రాలేదని మళ్లీ గీకాడు. ఆ తల్లి విసురుగా లేచిపోయింది. సెప్టెంబరు పొద్దున, చలిగాలి. పక్క చెట్టెక్కి అరుస్తూనే ఉంది. మేతతో వచ్చిన మగది కూడా దాని పక్కనే వాలింది, కిందికి దిగే ధైర్యం దానికీ లేదు. ఈయనేమో "ఇంకొక్కటి" అంటాడు! చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాం. మళ్లీ వెళ్లేసరికి ఆ తొర్రలో గాలా పక్షులు (ఇంకో రకం కాకటూలు) కాపురం పెట్టేశాయి. ఆయన వల్లేనని రుజువేం లేదు, కానీ ఆయనతో మళ్లీ మాట్లాడబుద్ధి కాలేదు.

కాబట్టి అనుమతి ఉన్నవాళ్లు చెప్పందే మాను ముట్టుకోకు. గాలి లేస్తే కొమ్మ కింద నిలబడకు, ఆ చెట్లు చెప్పాపెట్టకుండా కొమ్మలు రాలుస్తాయి. తల మీద పడితే మీ అమ్మకి నేనేం చెప్పుకోను తల్లీ?

ఫోటోలు కావాలంటే ఆగు. పిల్లలు ఎగిరాక కుటుంబాలతో సహా పెర్త్ వైపే వస్తాయి. మా వీధి చివర బ్యాంక్సియా చెట్ల కాయలు కొరికి రోడ్డంతా చెత్త చేస్తాయి. కెమెరా పట్టుకుని అప్పుడు రా, భోజనం మా ఇంట్లోనే.

మీ పెద్దమ్మ