ఆరోగ్య శాస్త్రాల విద్యార్థులకు పరిపూర్ణతావాదం ఎందుకు భారమవుతుంది?

పొరపాటు జరగకూడదన్న పట్టుదల రోగికి మేలే కదా, అది విద్యార్థికి హాని ఎలా చేస్తుందన్నది ప్రశ్న. ఉన్నత ప్రమాణాలు పెట్టుకోవడం వేరు, వాటిని అందుకోలేకపోతే తనకు విలువే లేదనుకోవడం వేరు. 1991లో పాల్ హ్యూవిట్, గోర్డన్ ఫ్లెట్ అనే మనస్తత్వవేత్తలు పరిపూర్ణతావాదాన్ని మూడు రకాలుగా విడదీశారు: తన నుంచి తాను ఆశించేది, ఇతరుల నుంచి ఆశించేది, ఇతరులు తన నుంచి ఆశిస్తున్నారని నమ్మేది. ఆందోళన, కుంగుబాటులతో ఎక్కువగా ముడిపడి కనిపించేది ఈ మూడోదే.

వైద్యం, నర్సింగ్, ఫార్మసీ చదువుల్లో పొరపాటు జరుగుతుందేమోనన్న భయం నిరాధారమైనది కాదు. మోతాదు లెక్కలో దశాంశ బిందువు ఒక్క స్థానం కుడికి జరిగితే రోగికి పది రెట్ల మందు వెళ్తుంది. అయితే ఆ భయం ముదిరినప్పుడు, అదే లెక్కను నాలుగుసార్లు సరిచూసుకున్న విద్యార్థి కూడా, తనకు తెలియదన్న సంగతి బయటపడుతుందేమోనని సీనియర్‌ను అడగడానికి జంకుతాడు. నా దృష్టిలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది, ఎందుకంటే అడగకుండా దాచుకున్న సందేహం చివరికి రోగి మీదే పడుతుంది. అందుకే లెక్కను మరొకరితో సరిచూయించుకోవడాన్ని అసమర్థతగా కాక వృత్తి నియమంగా మొదటి ఏడాది నుంచే నేర్పాలి. నిద్ర, చదువు రెండూ దెబ్బతినేంతగా ఈ ధోరణి పెరిగినవారికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనా తీరును, ప్రవర్తనను మార్చుకోవడానికి తోడ్పడే మానసిక చికిత్స) ఉపకరిస్తుందని అధ్యయనాలు చెబుతున్నాయి.