రెండు ప్రాసెసర్ల పాత వర్క్‌స్టేషన్‌లో కొత్త ఓఎస్ వేశాక ఒకటే ప్రాసెసర్ కనిపిస్తోందా?

మీ సమస్య నాకు అర్థమైనంత వరకు ఇది. చెన్నైలో ఒక ఆఫీసు వదిలించుకుంటున్న హెచ్‌పీ జెడ్‌800 కొన్నారు. అందులో రెండు జియాన్ ఇ5620 ప్రాసెసర్లు, 24 జీబీ ర్యామ్ ఉన్నాయి. విండోస్ 7 తీసేసి విండోస్ 11 హోమ్ వేస్తే టాస్క్ మేనేజర్ ఒకటే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే గూడు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిచే పనుల వరుసలు) చూపిస్తోంది. అక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో అడిగితే మదర్‌బోర్డు మార్చాలన్నారు.

మార్చకండి. బోర్డు కంటే ముందు అనుమానించవలసింది విండోస్ ఎడిషన్‌ని. హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్ సాకెట్‌నే వాడుకుంటుంది. ఆ ఒక్క సాకెట్‌లో ఎన్ని కోర్లున్నా దానికి అభ్యంతరం లేదు, రెండో సాకెట్‌ను మాత్రం పట్టించుకోదు. ప్రో అయితే రెండింటిని, ప్రో ఫర్ వర్క్‌స్టేషన్స్ అయితే నాలుగింటిని వాడుకుంటుంది. విండోస్ 7 కాలంలోనూ హోమ్, ప్రొఫెషనల్ మధ్య ఇదే తేడా ఉండేది. ఆఫీసు యంత్రాల్లో సాధారణంగా ప్రొఫెషనలే ఉంటుంది కాబట్టి పాత యజమానికి ఈ ఇబ్బంది ఎదురై ఉండదు.

పైసా ఖర్చు లేకుండా నిర్ధారించుకోవచ్చు. డెబియన్ అనే ఉచిత లినక్స్ ఓఎస్ లైవ్ ఇమేజ్‌ను (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే కూర్పును) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాంతో యంత్రాన్ని బూట్ చేసి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌సీపీయూ అనే కమాండ్ ఇవ్వండి. సాకెట్ల వరుసలో 2, మొత్తం సీపీయూల వరుసలో 16 వస్తే రెండు ప్రాసెసర్లూ నిక్షేపంగా ఉన్నట్టే. నేను రిచీ స్ట్రీట్‌కు వెళ్లేటప్పుడు ఆ పెన్‌డ్రైవ్ జేబులో ఉండాల్సిందే. దానితో బూట్ చేయనివ్వని దుకాణంలో పాత యంత్రం కొనను.

ఇక అసలు విండోస్ 11 ఉంచుకోవాలా అన్నది. అధికారికంగా దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, సెక్యూర్ బూట్ (నమ్మదగిన ఓఎస్‌నే మొదలుకానిచ్చే ఏర్పాటు), ఇంటెల్‌లో అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. మీరు ఆ తనిఖీలను తప్పించి వేసుకున్నారు. అది నడుస్తుంది, కానీ ఇలా వేసుకున్న యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. పైగా 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ 4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు లేని ప్రాసెసర్లపై విండోస్ బూటే కాదు. మీ ఇ5620 వెస్ట్‌మియర్ తరానిది, దానిలో అవి రెండూ ఉన్నాయి. దీనికి రెండు తరాల ముందటి జియాన్ 5400 వరుస కొనుంటే ఏ చిట్కా పనిచేసేది కాదు. వెనక్కి విండోస్ 10కి వెళ్దామన్నా దాని మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. హామీ లేని చోట ప్రో లైసెన్సుకు డబ్బు పోయమని నేను చెప్పలేను. విండోస్‌లో తప్ప నడవని సాఫ్ట్‌వేర్‌తోనే మీ ఉద్యోగం ముడిపడి ఉంటే అది వేరే విషయం.

నా దగ్గర ఉన్నదీ మీ యంత్రం తరానిదే. అందులో డెబియన్ వాడుతున్నాను. పాత తెలుగు పత్రికల స్కాన్ పుటలను టెస్సరాక్ట్‌తో అక్షరాల్లోకి మార్చడం దాని ప్రధాన పని. ఇలాంటి పనికి రెండు ప్రాసెసర్లు నిజంగా అక్కరకొస్తాయి, ఎందుకంటే ఏ పుటకు ఆ పుట విడి పని. ఒక చిన్న మెలిక మాత్రం ఉంది. టెస్సరాక్ట్ ఒక్కో పుటకు నాలుగు థ్రెడ్ల దాకా వాడబోతుంది. పదహారు పుటలు ఒకేసారి మొదలుపెడితే అవన్నీ ఒకదానినొకటి తోసుకుని వేగం తగ్గుతుంది. ఓఎంపీ థ్రెడ్ లిమిట్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 1 చేసి, ఒక్కో పుటను ఒక్కో థ్రెడ్‌కు వదిలితే అప్పుడు యంత్రం సత్తా తెలుస్తుంది. అదే మీ పని బ్రౌజరు, ఉత్తరాలు, యూట్యూబ్ వరకే అయితే రెండో ప్రాసెసర్ వల్ల మీకు తేడా తెలియదు. ఈ కాలపు చిన్న ల్యాప్‌టాప్ ఒక్క కోరే దీని ఒక్క కోరును సులువుగా దాటిపోతుంది.

డిస్ట్రో (లినక్స్ రకం) ఎంపికలో ఒక జాగ్రత్త. డెబియన్ 13, ఉబుంటు 24.04 రెండూ ఈ ప్రాసెసర్లపై నడుస్తాయి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ 9 కూడా సరిపోతుంది. 10వ వెర్షన్‌కు మాత్రం ఏవీఎక్స్2 అనే ఆదేశాలు ఉన్న ప్రాసెసర్, అంటే ఇంటెల్‌లో హాస్‌వెల్ తరం నుంచి పైవి కావాలి. రెడ్‌హ్యాట్ కుటుంబమే కావాలనుకుంటే ఆల్మాలినక్స్ 10 పాత ప్రాసెసర్ల కోసం విడిగా ఒక కూర్పు ఇస్తోంది. జెడ్‌800లో డిస్కులను నడిపే ఎల్‌ఎస్‌ఐ 1068ఈ కంట్రోలర్‌కు రెడ్‌హ్యాట్ 8లోనే మద్దతు తీసేశారు, అది 2 టీబీ మించిన డిస్కులను పూర్తిగా చూడనూ లేదు. డిస్కులను ఇంటెల్ సాటా పోర్టులకు తగిలిస్తే రెండు తలనొప్పులూ ఉండవు.

నేను యంత్రం ఆన్ కాగానే బూట్‌ను మొదలుపెట్టే పాత బయోస్ పద్ధతిలోనే ఇన్‌స్టాల్ చేశాను. డిస్కు విభజన జీపీటీ అనే కొత్త తరహాలో ఉంటే, లినక్స్‌ను బూట్ చేసే గ్రబ్ కోసం 1 ఎంబీ బయోస్ బూట్ పార్టిషన్ వదలాలి. పీసీఐ అడాప్టరుతో ఎన్‌వీఎంఈ (వేగమైన ఎస్‌ఎస్‌డీ) పెట్టుకోవచ్చు కానీ ఈ బయోస్ దాని నుంచి బూట్ చేయలేదు. గ్రబ్‌నూ, బూట్ పార్టిషన్‌నూ ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీలో ఉంచి మిగతా సిస్టమ్‌ను ఎన్‌వీఎంఈలో పెడితే హాయిగా నడుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు క్వాడ్రో ఎఫ్‌ఎక్స్ 1800 లాంటిదైతే ఎన్‌విడియా డ్రైవరు 340 వరుసతో ఆగిపోయింది. లినక్స్‌తో వచ్చే నూవో డ్రైవరుతో సర్దుకోండి.

మూత తీసినప్పుడు ర్యామ్ ఎలా పంచి ఉందో చూడండి. ఈ తరంలో ఒక్కో ప్రాసెసర్‌కు తన సొంత మెమరీ, మూడు ఛానళ్లు ఉంటాయి. మీ 24 జీబీ ఆరు 4 జీబీ కార్డులైతే మూడు ఇటు, మూడు అటు. అన్నీ ఒకవైపే గుచ్చి ఉంటే రెండో ప్రాసెసర్ ప్రతి చిన్నదానికీ పక్కింటికి పోయి అప్పు తెచ్చుకుంటుంది. రిజిస్టర్డ్, అన్‌బఫర్డ్ అనే రెండు రకాల ర్యామ్ కార్డులను కలపకండి.

కొందరు ఆరు కోర్ల ఎక్స్5650 ప్రాసెసర్లు పెట్టుకోమంటారు. తొలి జెడ్‌800 బోర్డులు కొన్ని 5600 వరుసను ఒప్పుకోవు గానీ మీ ఇ5620 ఆ వరుసలోదే కాబట్టి ఆ బెంగ మీకు లేదు. 16 థ్రెడ్లు 24 అవుతాయి. అయితే ఒక్కోటి 80 వాట్ల బదులు 95 వాట్లకు తయారైనది. తమిళనాడులో రెండు నెలల కరెంటు బిల్లులో ఉచితం కొన్ని యూనిట్ల వరకే. రాత్రింబవళ్లు 150 వాట్లు లాగే యంత్రం 60 రోజుల్లో 216 యూనిట్లు తింటుంది. నేనైతే పని పడ్డప్పుడే ఆన్ చేస్తాను, మే నెల మధ్యాహ్నాల్లో అసలే చేయను.