ఒట్టు పది రోజులకే గట్టెక్కుతోంది!

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి, రాగానే మూడో తరగతి చదివే బాబుతో హోంవర్కుకి కూర్చుంటాను. పావుగంటలో అరుపులు మొదలు. అడ్డొస్తే మా ఆవిడ మీదా విరుచుకుపడతాను. తర్వాత బాధపడి ఇక అరవనని ఒట్టు పెట్టుకుంటాను. పది రోజులు బాగానే ఉంటుంది, మళ్లీ మొదటికే. శాశ్వతంగా మారడం ఎలా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఒట్టు పెట్టుకునేది మనసు చల్లగా ఉన్నప్పుడు. అది అక్కరకు రావాల్సింది ఒళ్లు మండుతున్నప్పుడు. అప్పటికి గుండె దడదడలాడుతుంటుంది, ఎదుటివాళ్ల మాట సగమే చెవికెక్కుతుంది. కాబట్టి అరుపుతో కుస్తీ వద్దు, దాన్ని పావుగంట ముందే పట్టుకోండి.

రెండు వారాలు చిన్న నోటుబుక్కులో రాయండి: కోపం వచ్చిన టైము, అంతకుముందు ఏం జరిగింది, ఒంట్లో తెలిసిన మొదటి గుర్తు (దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం), ఆ కోపానికి పదికి ఎన్ని మార్కులు. మీ ఉత్తరంలోనే ఒక జాడ ఉంది, 'రాగానే' అన్నారు. ఎప్పుడో మధ్యాహ్నం తిన్న కడుపు, ట్రాఫిక్ చిరాకు కలిసి గడప దాటేసరికే నాలుగు మార్కులు. ఏడెనిమిదులు యాభై నాలుగని బాబు చెప్పడం దాని మీద రెండు కలుపుతుంది, అంతే. ముందు స్నానం, భోజనం. ఆ తర్వాతే పుస్తకాలు, అదీ ఇరవై నిమిషాలు మించకుండా.

ఐదు మార్కులకు లేచి వెళ్లిపోండి. ఎనిమిదికి లేస్తే అది తలుపు విసిరికొట్టి పోవడమే. ఈ ఏర్పాటు ఆదివారం పూట ఇంట్లో ముందే చెప్పుకోవాలి. అనాల్సిన మాట: "నాకు కోపం వస్తోంది, అరగంటలో వస్తాను." ఒళ్లు చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలు కావాలి. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. డాబా ఎక్కి 'వీడికెన్నిసార్లు చెప్పినా అంతే' అని అదే తిప్పి తిప్పి తలుచుకుంటారు, వెళ్లినప్పటికన్నా వేడిగా దిగుతారు. దిండును గుద్దినా అంతే, కోపం తగ్గదు. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. తర్వాత నడవండి. చెప్పిన టైముకి తిరిగి రావడం తప్పనిసరి, లేకపోతే ఇంట్లోవాళ్లు దాన్ని అలక కిందే జమకడతారు. మీ ఆవిడకూ ఒక మాట: "సమాధానం చెప్పి కదులు" అంటూ వెంట వెళ్లొద్దు.

నోరు జారితే బాబుకి చెప్పండి: "నిన్న అరిచాను, తప్పు నాదే." దాని వెనక 'కానీ నువ్వు' వచ్చిందా, ఆ సారీ చెల్లదు.

ఇక పది రోజుల సంగతి. తిండి, వ్యాయామం లాంటి అలవాట్లపై లండన్‌లో జరిగిన అధ్యయనంలో కొత్త పని దానంతటదే జరిగే స్థితికి రావడానికి 18 నుంచి 254 రోజులు పట్టింది. మధ్యస్థంగా చూస్తే 66. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. మీకేమో ఒక్క అరుపుతో ఒట్టు పోయినట్టే, అందుకే మొత్తం వదిలేస్తున్నారు.

నిద్ర పట్టకపోవడం, తాగుడు, థైరాయిడ్, డిప్రెషన్ ఉన్నా చిరాకు పెరుగుతుంది. మూడు నెలలైనా మార్పు లేకపోతే డాక్టరుని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మా వారు కోపంలో చెయ్యి చేసుకుంటారు. ఈ పద్ధతులు పనిచేస్తాయా?
- ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇవి పై ఉత్తరం రాసినాయన కోసమే, మీ కోసం కాదు. ఆఫీసరు ముందు చెయ్యి లేవకుండా మీ ముందే లేస్తోందంటే, అది పట్టు తప్పిన కోపం కాదు. ముందు మీ భద్రత చూసుకోండి. మహిళా హెల్ప్‌లైన్ 181 రాత్రీపగలూ పనిచేస్తుంది, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు కోరవచ్చు. ఇద్దరూ కలిసి కౌన్సెలింగ్‌కు మాత్రం ఇప్పుడే వెళ్లకండి. అక్కడ మీరు నోరు విప్పిన దానికి ఇంటికొచ్చాక దెబ్బలు తినాల్సి రావచ్చు.