కొత్త కొండవాగుల్లో ట్రౌట్: నాలుగు రోజుల ఫ్లై ఫిషింగ్‌కి ప్లాన్ ఎలా వేసుకోవాలి?

ఎప్పుడూ చూడని కొండల్లో నాలుగు రోజులు, చేతిలో ఒక ఫ్లై రాడ్, అంటే ఈకలూ దారాలతో పురుగులా కట్టిన తేలికపాటి ఎరని (ఫ్లై) విసిరే గాలపు కర్ర. ఏ వాగుకి వెళ్లాలి, ఏ ఫ్లైలు పట్టుకెళ్లాలి అని అడిగారు. ఫ్లైల సంగతి తర్వాత చూద్దాం. ట్రిప్ బాగుపడేదీ చెడేదీ నీళ్ల ఎంపిక దగ్గరే.

పేరున్న వాగు ఒకటి పట్టుకుని నాలుగు రోజులూ దానికే రాసివ్వకండి. ఒక లోయను ఎంచుకుని అందులో కింద, మధ్యలో, పైన మూడు చోట్లు గుర్తుపెట్టుకోండి. వెయ్యి మీటర్లు పైకెక్కితే గాలి సుమారు 6.5 డిగ్రీలు చల్లబడుతుంది, నీళ్లు కూడా పైకి వెళ్లేకొద్దీ చల్లగా ఉంటాయి. ట్రౌట్ చల్లటి నీళ్ల చేప, దాని ఆకలి నీటి వేడిని బట్టే ఉంటుంది. 10 నుంచి 16 డిగ్రీల మధ్య బాగా తింటుంది. 5 కన్నా తగ్గితే అడుగున బద్ధకంగా పడి ఉంటుంది. 20కి చేరితే ఇక గాలం వేయకూడదు. వెచ్చటి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, పెనుగులాడి అలసిన చేప మన కళ్ల ముందు ఈదుకుంటూ వెళ్లినా తర్వాత చచ్చిపోవచ్చు. అందుకే వసంతం మొదట్లో కింది నీళ్లు, మండువేసవిలో పై నీళ్లు. వాన పడి కింది ఏరు బురదగా మారినా, పైనున్న చిన్న పాయ సాధారణంగా ముందు తేరుకుంటుంది.

ఇక మ్యాప్. 1:25,000 స్కేలు మ్యాపులో 4 సెంటీమీటర్లు అంటే ఒక కిలోమీటరు. ఆ కిలోమీటరు పొడవునా వాగును ఎన్ని కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లని కలిపేవి) దాటుతున్నాయో లెక్కపెట్టండి. గీతకీ గీతకీ 10 మీటర్ల తేడా ఉన్న మ్యాపులో రెండు నుంచి నాలుగు గీతలైతే మడుగులూ, వాటి మధ్య గులకరాళ్ల మీద పలచగా పారే నీళ్లూ ఉంటాయి. కొత్త చోట మొదటి రోజుకి ఇంతకన్నా మంచిది లేదు. ఐదారు నుంచి పది దాకా ఉంటే మెట్లు మెట్లుగా దూకే వాగు, ప్రతి బండ వెనకా ఒక చిన్న గుంట. పది దాటితే చేపలు పట్టడం కన్నా బండలెక్కడమే ఎక్కువ. గీతల మధ్య తేడా మ్యాపు అంచున రాసి ఉంటుంది, అది చూడకుండా లెక్కపెడితే అంతా తలకిందులవుతుంది. నిటారు జలపాతం ఉంటే చేప పైకి ఎక్కలేదు. ఎవరో పిల్లచేపల్ని వదిలి ఉంటే తప్ప ఆ పైన వాగు ఎంత అందంగా ఉన్నా ఖాళీగా ఉండొచ్చు. ఎగువన డ్యామ్ ఉందేమో కూడా చూడండి. ఆకాశం నిర్మలంగా ఉన్నా గేట్లు ఎత్తితే నీళ్లు ఒక్కసారిగా పెరుగుతాయి.

ఆ ఏటికి నీటిమట్టం రీడింగులు ఆన్‌లైన్‌లో దొరికితే ఈరోజు అంకె ఒక్కటే చూసి వదిలేయకండి, వారం గ్రాఫు చూడండి. పెరుగుతున్న మురికినీళ్లు దండగ. తగ్గుతూ తేటపడుతున్న నీళ్లే కావాలి. మంచు కరిగే వాగుకి రోజువారీ లయ ఒకటి ఉంటుంది. తెల్లవారుజామున కనిష్ఠం, మధ్యాహ్నం నుంచి సాయంత్రానికి ఉధృతం. పొద్దున మోకాలి లోతులో దాటిన చోటే సాయంత్రం వెనక్కి దాటలేకపోవచ్చు. కారు ఏ ఒడ్డున ఉందో ఆ ఒడ్డునే ఉండటం మేలు.

లైసెన్సు, ఆ పాయలో ఫ్లైలు మాత్రమే అనుమతిస్తారా, ఏ నెలలు మూసేస్తారు అన్నవి బయల్దేరకముందే చూసుకోండి. బ్రౌన్ ట్రౌట్ శరదృతువు నుంచి చలికాలంలోకి, రెయిన్‌బో ఎక్కువగా వసంతంలో గుడ్లు పెడతాయి. చుట్టూ పాచి పట్టిన రాళ్ల మధ్య ఒక చోట గులక శుభ్రంగా, తెల్లగా కనిపిస్తే అది చేప గుడ్లు పెట్టిన గూడు. దాని మీద అడుగు వేయకండి.

సామాను తక్కువే. ఎనిమిదిన్నర అడుగుల 4 వెయిట్ (లైను బరువు కొలత) రాడ్, నాలుగు ముక్కలది. తేలే లైను. లైను కొసకి కట్టే సన్నబడుతూ పోయే దారాలు, అంటే లీడర్లు, 9 అడుగులవి రెండు, చెట్లు మూసుకున్న వాగులకి ఏడున్నర అడుగులది ఒకటి. లీడర్ చివర ఫ్లైని కట్టే సన్నని దారం, అంటే టిప్పెట్, 4ఎక్స్, 5ఎక్స్ చాలు (మందం 0.18, 0.15 మిల్లీమీటర్లు). హుక్ సైజును మూడుతో భాగిస్తే ఎక్స్ నంబరు వస్తుంది. 16 సైజు ఫ్లైకి 5ఎక్స్ అన్నమాట. ఫ్లైలు (పక్కన అంకె హుక్ సైజు, అంకె పెరిగితే హుక్ చిన్నది): ప్యారాషూట్ ఆడమ్స్ 14, 16, ఎల్క్ హెయిర్ క్యాడిస్ 12, 14, పూస ఉన్న ఫెజెంట్ టెయిల్ నింఫ్ (నీటిలో మునిగే పిల్లపురుగులా కట్టిన ఫ్లై) 16, హేర్స్ ఇయర్ 14, నల్లచీమ 16, నీళ్లు కాస్త మసకగా ఉంటే వూలీ బగ్గర్ 8. ఒక్కోటి మూడేసి, ఎందుకంటే చేపల కన్నా చెట్లు ఎక్కువ పట్టుకుపోతాయి. హుక్కుల ఎదురుముళ్లు ఇంట్లోనే ప్లయర్‌తో నొక్కేసుకోండి.

వాగు దగ్గరకు చేరాక మొదటి పది నిమిషాలు రాడ్ విప్పకండి. నీడలో, పారే నీళ్లలో థర్మామీటర్ ఒక నిమిషం ముంచండి. తర్వాత అక్కడి చేపలకి ఏ నీటిపురుగులు దొరుకుతున్నాయో తెలియడానికి పిడికిలంత రాయి ఒకటి తిరగేయండి. మూడు తోకల పురుగులుంటే సాధారణంగా మేఫ్లై, రెండు తోకలూ గట్టి కాళ్లూ ఉంటే స్టోన్‌ఫ్లై. ఇసుక రేణువులూ పుల్లముక్కలూ అతికించిన చిన్న గొట్టాలు అంటుకుని ఉంటే క్యాడిస్. రాయిని మళ్లీ అలాగే పెట్టేయండి.

ఏమీ తెలియని వాగులో నేను మొదట కట్టేది రెండు ఫ్లైల అమరిక: పైన 12 సైజు ఎల్క్ హెయిర్ క్యాడిస్, దాని హుక్ వంపుకి 50 సెంటీమీటర్ల టిప్పెట్, చివర 16 సైజు పూస నింఫ్. పై ఫ్లై ఆగినా, మునిగినా రాడ్ ఎత్తండి. పావుగంటైనా నింఫ్ ఒక్కసారీ రాయికి తగలకపోతే టిప్పెట్ 15 సెంటీమీటర్లు పెంచండి. పై ఫ్లై మాటిమాటికీ మునుగుతుంటే కింద పూస బరువెక్కువైందని.

కొత్తవాళ్లని ముంచేది దూరం విసరడం. మీకూ ఆ గుంటకీ మధ్య వడిగా పారే పాయ లైనును లాక్కుపోతుంది, లైను ఫ్లైని ఈడుస్తుంది, ఈడ్చుకుపోయే పురుగుని ట్రౌట్ ముట్టదు. దగ్గరకు వెళ్లి, నాలుగైదు మీటర్లే విసిరి, రాడ్ ఎత్తి పట్టుకుని లీడర్ మాత్రమే నీటిని తాకేలా చూడండి. చేప ప్రవాహానికి ఎదురుగా ముఖం పెట్టి ఉంటుంది కాబట్టి దిగువ నుంచి పైకి, వంగి నడవండి. ముందు మీ కాళ్ల దగ్గరి నీళ్లు, ఆ తర్వాతే ఎదుటి ఒడ్డు.

చేప తెంపుకుపోతే టిప్పెట్ కొస చూడండి. పంది తోకలా మెలితిరిగి ఉంటే ముడి జారింది, బిగించేముందు ఉమ్ముతో తడపలేదన్నమాట. మొద్దుగా తెగితే మధ్యలో గాలిముడి (విసిరేటప్పుడు దానంతట అది పడే ముడి) పడి ఉండొచ్చు, లేదా రాయికి గీసుకుని ఉండొచ్చు. రెండింటికీ మందు ఒకటే, కొస కత్తిరించి మళ్లీ కట్టడం.

వేడర్ (నీళ్లు చొరని పొడవాటి తొడుగు) మీద నడుముకి బెల్టు, చేతిలో కర్ర తప్పనిసరి. వడి నీళ్లు మోకాలు దాటితే వెనక్కి రండి. ఉరుము వినబడగానే రాడ్ కింద పెట్టేయండి, గ్రాఫైట్ రాడ్‌లో కరెంటు పారుతుంది. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి.

మూడు చోట్ల ప్లాన్‌లో ఒక చిక్కుంది. బూట్లకి అంటిన పాచి, రోగక్రిములు ఒక నీటి నుంచి ఇంకో నీటికి వెళ్తాయి. ఒకే రోజు రెండు చోట్లు తిరగాలంటే ఆ ఏటి వెంటే పై నుంచి కిందికి రండి. పై నీళ్లు ఎలాగూ కిందికే వస్తాయి. వేరే పాయకి మారాలంటే బురద గీకి, కడిగి, పూర్తిగా ఆరాక ఇంకో రెండు రోజులు వదిలేయండి. అంత వ్యవధి లేకపోతే రెండో జత బూట్లు తీసుకెళ్లండి. అడుగున ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి మందపు బట్ట) ఉన్నవి మాత్రం వద్దు, అవి త్వరగా ఆరవు, కొన్ని చోట్ల నిషేధం కూడా. న్యూజీలాండ్‌లో 2008లోనే వాటిని నిషేధించారు.