వ్యాను ఆగిన తర్వాత

నాష్‌విల్,
ఆదివారం రాత్రి

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "టూరు నుంచి వచ్చి తొమ్మిది రోజులైందిరా తమ్ముడూ. వాడు పగలంతా పడుకుంటాడు, రాత్రంతా ఇంట్లో తిరుగుతాడు. ఆల్బమ్ ఎప్పుడొస్తుందిరా అంటే చిరాకు పడతాడు. నువ్వైనా అడుగు" అంది. ఫోన్లో నీ దగ్గర్నుంచి "ఊఁ" తప్ప ఇంకో మాట రాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు నిద్రపో. అక్కకి నేను సర్దిచెప్తాను. మీ కంట్రీ బ్యాండ్ ఆరుగురూ పదకొండు వారాలు ఒకే వ్యానులో తిరిగి వచ్చారు, ఒంటికి ఇల్లు అలవాటు కావాలంటే టైం పడుతుంది. నేను కచేరీల్లో సౌండ్ బోర్డు వెనక ఇరవై మూడేళ్లు నిలబడ్డాను. ఇంటికొచ్చిన మొదటి వారం రాత్రి ఎనిమిదయ్యేసరికి గుండె దానంతటదే దడదడలాడేది, తలుపులు తీశారు, జనం లోపలికి వస్తున్నారు అన్నట్టు. మీ అత్తయ్య అన్నానికి పిలిస్తే "రెండు నిమిషాలు, లైన్ చెక్ అయిపోనీ" అన్నానట ఒకసారి, షోకి ముందు మైకులు చూసుకునే పని అన్నమాట. ఇప్పటికీ చుట్టాలందరికీ చెప్తుంది. రెండు మూడు వారాల్లో అదే దిగుతుంది.

కానీ ఆ రెండు మూడు వారాల్లో బ్యాండ్ గురించి పెద్ద నిర్ణయం ఏదీ తీసుకోవద్దు. మీ డ్రమ్మర్ మీద నీకు ఒళ్లు మండుతోందని నాకు తెలుసు, అతనికీ నీ మీద అలాగే ఉండి ఉంటుంది. వ్యానులో ఎవరి సాక్సు కంపు కొట్టిందో, ఎవరు డ్రైవింగ్ వంతు ఎగ్గొట్టారో, ఆ కోపాలన్నీ ఇంటికొచ్చాకే పైకి తేలతాయి. నేను పనిచేసిన ఒక బ్యాండ్ టూరు అయిన మూడో రోజు రాత్రి మెసేజీల్లోనే విడిపోయింది. మూడు నెలల తర్వాత నలుగురూ నాకు విడివిడిగా ఫోన్ చేసి బాధపడ్డారు. తెగింది తెగినట్టే ఉండిపోయింది. ఆగడం వల్ల వినేవాళ్లు పారిపోతారన్న భయం కూడా పెట్టుకోకు. ఓక్లహోమా కంట్రీ బ్యాండు టర్న్‌పైక్ ట్రూబడోర్స్‌ను చూడు. 2019లో మొత్తం ఆపేశారు, 2022లో మళ్లీ స్టేజీ ఎక్కారు. 2017 ఆల్బమ్ తర్వాత ఇంకోటి వచ్చింది 2023లో. జనం ఆరేళ్లు కాచుకుని కూర్చున్నారు.

ఇప్పుడు పాటల సంగతి. ఫోన్లో నువ్వు రికార్డు చేసుకున్న ముక్కలు ఉంటాయిగా, సౌండ్‌చెక్‌లో వాయించినవి, హోటల్ రూములో కూనిరాగం తీసినవి. వాటిని ఈ నెలలోనే విను. ఇంకో నెల పోతే అది ఏ పాటకి అనుకున్నావో నీకే గుర్తుండదు. రోడ్డు మీద కుదిరిన వాయింపు చల్లారకముందే పట్టుకోవాలి. 1969లో రోలింగ్ స్టోన్స్ వాళ్లు అమెరికా టూరు ముగించి, అల్టమాంట్ కచేరీకి వెళ్లేలోపు మూడంటే మూడు రోజులు అలబామాలోని మజిల్ షోల్స్ సౌండ్ స్టూడియోలో కూర్చున్నారు. డిసెంబరు 2 నుంచి 4 దాకా. 'వైల్డ్ హార్సెస్' అప్పుడు రికార్డయిందే. ఇంగ్లండ్ వాళ్లు పాడిన కంట్రీ పాటల్లో దానికి సాటి వచ్చేది నాకు ఇంకోటి కనిపించదు. అది ఆల్బమ్‌లో బయటికొచ్చింది మాత్రం 1971 ఏప్రిల్‌లో. పట్టుకోవడానికి మూడు రోజులు, బయటపెట్టడానికి పదహారు నెలలు. నీ పాట ఆలస్యమవుతోందని బెంగ పడేటప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకో.

ప్రతి పాటకీ నంబర్ చార్టు, అంటే అంకెల్లో రాసిన కాగితం, రాసిపెట్టు. మీ బేస్ అబ్బాయి "అన్నీ నా బుర్రలో ఉన్నాయి" అంటాడు, నమ్మకు. రేపు రికార్డింగుకి ఫిడిల్ వాయించేవాళ్లు ఎవరో ఒకరు కొత్తగా వస్తారు. మీ గాయకుడికి గొంతు పట్టేసి శ్రుతి ఒక మెట్టు దించమంటాడు. స్వరగుచ్ఛాల (కార్డ్స్) పేర్లు రాసుకుంటే అన్నీ తిరగరాయాలి. ఒకటి, నాలుగు, అయిదు అని రాసుకుంటే ఏ శ్రుతికైనా అదే కాగితం. ఈ నాష్‌విల్ పద్ధతి మొదటిసారి చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది. మన సరిగమలు చేసే పని అదేగా, ఆధార షడ్జం ఎక్కడ పెట్టుకుంటే అక్కడ.

ఇక అసలు విషయం. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. పాట ఎవరిది అన్నది కాగితం మీద రాసుకున్నారా?

రాసుకోలేదని నాకు తెలుసు, ఎందుకంటే నువ్వు క్రితంసారి "మేమంతా ఫ్రెండ్సే మావయ్యా" అన్నావు. మీ ముత్తాత నాటకాల్లో హార్మోనియం వాయించేవాడని విన్నావుగా. వానాకాలం నాటకాలు ఉండవు. ఆ నెలల్లో పెట్టె విప్పి, దుమ్ము దులిపి, రీడ్లు సరిచేసుకునేవాడు. కానీ ఆ పెట్టె ముట్టుకునే ముందు కాంట్రాక్టరు ఇంటికి వెళ్లి చిట్టా ముందేసుకుని కూర్చునేవాడట. రావలసింది రాబట్టుకున్నాకే ఇంటికి రావడం. "మళ్లీ సీజను మొదలయ్యాక అడిగితే మొహం చాటేస్తారు" అనేవాడని మా నాన్న చెప్పేవాడు. మీకు ఆ వానాకాలం ఇదే.

లెక్క చెప్తాను, విను. అమ్ముడైన ప్రతి రికార్డు మీద, అయిదు నిమిషాల లోపు పాటకి, పాట రాసినవాళ్లకి ఇవ్వాల్సిన మెకానికల్ రేటు 2025లో 12.7 సెంట్లుగా ఉండేది. ఆ లెక్కన పది పాటల రికార్డంటే డాలరు ఇరవై ఏడు సెంట్లు. వెయ్యి రికార్డులకి 1,270 డాలర్లు. మీ ఆల్బమ్ మీరే వేసుకుంటున్నారు కాబట్టి ఆ డబ్బు బ్యాండ్ జేబులోంచి తీసి, కాగితం మీద పేరున్నవాడికి ఇవ్వాలి. స్టీల్ గిటార్ మీద నువ్వు కట్టిన మొదటి వరస వల్లే జనం ఆ పాటని గుర్తుపట్టొచ్చు. అయినా నీ పేరు లేకపోతే అందులో నీకు సున్నా. నాకు తెలిసిన ఒక ఫిడిలర్ కట్టిన మొదటి వరస ఉన్న పాటని ఒక ప్రకటనకి కొన్నారు. చెక్కు ఒక్కడికే వచ్చింది. ఆ ఒక్కడూ చెడ్డవాడేం కాదు, అతని పేరే ఉంది కాబట్టి అతనికే వచ్చిందంతే. ఆ ఇద్దరూ ఇప్పుడు ఒకే ఊళ్లో ఉండి మాట్లాడుకోరు.

కాబట్టి మిక్సింగుకి ముందే ఒక సాయంత్రం ఆరుగురూ కూర్చోండి. బీరు తర్వాత, ముందు కాఫీ. ఒక్కో పాటకి ఒక్కో కాగితం, మాట ఎవరిది, వరస ఎవరిది, ఎంత శాతం, కింద అందరి సంతకాలు. అన్నీ సమానంగా పంచుకుంటామంటే అలాగే రాసుకోండి, నాకు అదే ఇష్టం కూడా. అదే రోజు ఇంకో రెండు పనులు. టూరులో వాయించిన మీ సొంత పాటల జాబితాలు పాట రాసినవాళ్లకి డబ్బు వసూలు చేసిపెట్టే సంఘాల్లో ఎవరు దేంట్లో ఉంటే అక్కడ, ఆస్క్యాప్‌కో బీఎంఐకో పంపండి. దానికి గడువు ఉంటుంది, దాటితే ఆ షోల డబ్బు పోయినట్టే. రేడియో డబ్బు వసూలు చేసిపెట్టే సౌండ్ ఎక్స్ఛేంజ్‌లో వాయించేవాళ్లుగా మీ అందరి పేర్లూ నమోదు చేయండి. ఇంటర్నెట్ రేడియోలో, శాటిలైట్ రేడియోలో మీ రికార్డు మోగితే అందులో 45 శాతం నేరుగా ఆ రికార్డు మీద పేరున్న ఆర్టిస్టులకి వస్తుంది. అది పాట రాయనివాడికి కూడా అందే డబ్బు.

టూరులో మిగిలింది అప్పుడే పంచేసుకున్నారా? లేదనుకుంటాను. వ్యాను టైర్లకీ, ట్రైలర్ బేరింగులకీ, మాస్టరింగుకీ (మిక్సుకి చివరి మెరుగు), వినైల్ రికార్డులు అచ్చువేసే ఫ్యాక్టరీ అడ్వాన్సుకీ తీసిపెట్టి మిగతాది పంచుకోండి. ఈ నెలల్లో బయట పని చేయడానికి సిగ్గుపడకు. ఇక్కడ బార్ల వీధి లోయర్ బ్రాడ్వేలో నాలుగేసి గంటలు టిప్పుల కోసం వాయించేవాళ్లలో సగం మంది నీకంటే నాకంటే ఘనులు.

రిలీజ్ తేదీ గురించి అక్క అడిగితే చిరాకు పడ్డావు కానీ, ఆమె అడిగింది సరైన ప్రశ్నే. వినైల్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. తేదీ ముందు ప్రకటించి రికార్డులు లేకుండా రోడ్డెక్కితే, షో అయ్యాక అమ్మకాల టేబుల్ మీద టోపీలు మాత్రమే ఉంటాయి. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి మించనివ్వకు, మించితే రికార్డు మీది గాడులు ఇరుకై చప్పుడు తగ్గుతుంది. ఇంకోటి, పళ్లెం మధ్యకి వచ్చేకొద్దీ పై స్థాయి శబ్దాలు గీరుకుపోతాయి. నీ స్టీల్ కీచుమనే జోరు పాటని వైపు చివర పెట్టవద్దు, అక్కడ నెమ్మది పాట ఉండాలి. టెస్ట్ ప్రెస్సింగ్, అంటే ముందుగా పంపే నమూనా రికార్డు, వస్తే పక్కన పడేయకుండా రెండు మూడు ప్లేయర్ల మీద విను.

కొత్త పాటలు ముందే షోలలో వాయిస్తే పాతబడతాయని మీవాళ్లు అంటున్నారని విన్నాను. నేను ఒప్పుకోను. విల్కో అనే అమెరికన్ బ్యాండ్ రికార్డుని 2001లో వాళ్ల కంపెనీ వద్దంది. వాళ్లు సెప్టెంబరులో ఇంటర్నెట్‌లో ఊరికే వినిపించి టూరుకి వెళ్లారు. 2002 ఏప్రిల్‌లో అది దుకాణాల్లోకి వచ్చేసరికి జనానికి పాటలు నోటికి వచ్చేశాయి, రికార్డూ కొన్నారు. అన్నీ వాయించమని నేననను, మూడు వాయించండి. ఏ చరణం దగ్గర జనం ఫోన్లు తీస్తున్నారో చూసి, ఆ చరణం కత్తిరించండి.

నెలాఖరుకి రఫ్ మిక్సులు తీసుకుని ఇక్కడికి రా, నాక్స్‌విల్ నుంచి మూడు గంటలేగా. స్టూడియో స్పీకర్ల మీద వద్దు, నా పాత కారులో కూర్చుని విందాం. ఫ్రీవే మీద అరవై మైళ్ల వేగంలో మాట వినపడితే మిక్సు బాగున్నట్టే. సంతకాలు పెట్టిన ఆ కాగితాలు కూడా తెచ్చి చూపించు.

అన్నట్టు, నీ స్టీల్ ఇంకా ట్రైలర్‌లోనే ఉందని అక్క నోరు జారింది. రాత్రి చలి, పగలు ఎండ, పది తీగలూ అన్ని పెడళ్లూ ఏం కావాలి? దొంగలు తలుపు తీయకుండా ట్రైలర్‌ని గోడకి ఆనించి పెట్టావో లేదో కూడా చెప్పలేదు. ఉత్తరం ఇక్కడ ఆపి ముందు దాన్ని ఇంట్లోకి తెచ్చుకో.

మీ మావయ్య